రెండో గొంతు

మా షెడ్డుకి ఆ సినిమా వాళ్ళు రాకపోయి ఉంటే మా దొరసాని ఇవాళ్టికీ కిటికీ పక్క టేబుల్ దగ్గరే ఉండేది. ఈ మాట నేను ఎవరి మొహం మీదైనా అంటాను. మా డిపో డైరెక్టరుగారి మొహం మీద అననే అన్నాను. ఆయన టీ తాగుతూ విన్నారు, కప్పు పక్కన పెట్టారు, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు. అంతే!

మాది రక్షణ శాఖ డిపో. అలాగని మేం సైనికులమేం కాదు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కి వచ్చి, సాయంత్రం మళ్ళీ అదే బస్సులో వేలాడుతూ పోయే మామూలు ఉద్యోగులం. మా షెడ్డులో పని పారాచూట్లు మడతపెట్టడం. మేం వాటిని గొడుగులంటాం. విమానంలోంచి దూకే కుర్ర సైనికులు వీపుకి కట్టుకునేది మా చేతి మడతే. వాళ్ళెవరో మాకు తెలీదు, మేమెవరమో వాళ్ళకి తెలీదు. మేం సరిగ్గా పని చేసినంతకాలం తెలియాల్సిన అవసరం కూడా రాదు.

ఒకప్పుడు ఈ షెడ్డంతా మగవాళ్ళే. తండ్రి దిగితే కొడుకు, బావ దిగితే బావమరిది. అందరిదీ ఒకటే కాలనీ, ఒకటే మాట, మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఒకటే వాసన. అందులోకి నేనొచ్చి పడ్డాను, మొదటి ఆడదాన్ని. వచ్చిన రోజు కూర్చోమని స్టూలైనా చూపించలేదు ఆ మహానుభావులు. చచ్చీ చెడీ సూపర్‌వైజర్నయ్యాను. ఆ తర్వాత ఒక్కొక్కరే వీడ్కోలు టీ తాగి రిటైరైపోతుంటే, వాళ్ళ చోట్లోకి ఎవరెవరో వచ్చారు. కొండల మీంచి దిగొచ్చిన ఇద్దరు, తీరం వైపు నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు, యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఒకాయన, మాకెవరికీ తెలియని దేవుడికి మొక్కే ఇంకొకాయన. మొదట్లో ఒకళ్ళంటే ఒకళ్ళకి పడేది కాదు. గిల్లికజ్జాలు, అలకలు, నా దగ్గరికి ఫిర్యాదులు. ఇద్దర్నీ కలిపి తిట్టేదాన్ని. నన్ను ఆడిపోసుకోవడానికైనా ఇద్దరూ ఒకటయ్యేవారు. అలా అలా కుదురుకున్నాం.

అప్పుడొచ్చింది ఈ పిల్ల. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. చేతులతోనే మాట్లాడుతుంది, మన పెదాలు చూసి సగం పట్టేస్తుంది. గడ్డం పైకెత్తి షెడ్డంతా ఓసారి కలియజూసి, ఎవరూ చెప్పకుండానే కిటికీ పక్క టేబుల్ దగ్గరికి పోయి నిలబడింది. "అబ్బో, దొరసాని వచ్చిందిరా!" అన్నాడు ఎవడో. ఆ పేరే నిలిచిపోయింది. పేరుకి తగ్గట్టే ఉండేది కూడా. కోపమొస్తే పట్టపగ్గాలుండవు. అడక్కుండా అందరి క్యారేజీల్లోనూ చెయ్యి పెట్టేది. నవ్విందంటే షెడ్డు రేకులు ఎగిరిపోవాలి.

ఆ టేబుల్ పెదనాన్నది. షెడ్డులో అందరికన్నా పెద్దాయన, పాత తరంలో ఆఖరి మనిషి. నేను సూపర్‌వైజర్నైనా నన్ను "అమ్మాయ్" అనే పిలుస్తాడు. దొరసానిని చూసి ఇంతెత్తున లేచాడు.

"ఏంటమ్మాయ్ ఇది? నా టేబుల్ మీదకే తోలాలా? ఇక్కడ మాట లేకుండా పనెలా జరుగుతుంది?"

ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. మా పనికి ఒక కట్టడి ఉంది, రాతలో పెట్టిన నియమం. టేబుల్‌కి ఇద్దరు. ఒకళ్ళు మడతపెడతారు, ఇంకొకళ్ళు చూస్తారు. గుడ్డ పరిచాక, మడతలు పడ్డాక, తాళ్ళు సర్దాక, సంచి మూసేముందు, ప్రతిసారీ మడతపెట్టే మనిషి చెయ్యి ఆపి "చూడు" అనాలి. రెండో మనిషి వంగి చూసి, బాగుంటే పైకి, షెడ్డులో తిరిగే నాకు వినపడేట్టు, "చూశాను" అనాలి. లేకపోతే "ఆగు" అనాలి. ఆ మాట చెవిన పడకుండా చెయ్యి కదలకూడదు.

ఊరికే పెట్టింది కాదది. నేను చేరక ముందు పెదనాన్న పక్క టేబుల్ దగ్గర బావా బావమరుదులు పనిచేసేవాళ్ళట. ఏళ్ళ తరబడి కలిసి చేసినవాళ్ళు కదా, మాటెందుకని తలూపుకునేవాళ్ళు. ఒకరోజు బావమరిది ఏదో ధ్యాసలో ఉండి తలూపాడు. ఆ గొడుగు విచ్చుకోలేదు. ఆ దూకిన పిల్లాడి తల్లి డిపో గేటు దగ్గరికొచ్చి నిలబడిందట, ఏమీ అడగలేదట, అలా నిలబడి వెళ్ళిపోయిందట. ఆవిణ్ణి చూసినవాళ్ళలో మిగిలింది పెదనాన్న ఒక్కడే. అప్పట్నుంచీ నిశ్శబ్దంగా ఉన్న టేబుల్ అంటే ఆయనకి హడలు.

అయినా ఆ పిల్లే ఆయన్ని దారిలోకి తెచ్చుకుంది. వంగి చూసి, బాగుంటే అరచేత్తో టేబుల్ మీద ఫట్‌మని కొట్టేది. బాగోకపోతే పిడికిలి దించేది. ఒకసారి పెదనాన్న పెట్టిన మడత మీద పిడికిలి దించితే ఆయన బుసలు కొట్టాడు. ఏం లాభం? విప్పి మళ్ళీ పెట్టేదాకా పిడికిలి తియ్యలేదు. ఇంకోసారి తనే తాళ్ళు తికమక చేసి, ఆయన విప్పమంటే ఏడ్చి, ముక్కు చీదుకుని మళ్ళీ సర్దింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన నోట ఒకటే పాట: "నా అదృష్టమమ్మాయ్, నా తిట్లు వినపడని జోడీ దొరికింది!" ఆ పెదాలు చదివేసి ఆ పిల్ల ఆయన భుజం మీద ఒక్కటిచ్చేది.

ఆ అరచేతి దెబ్బని కట్టడిలో రాయించాలని నేను అప్పుడే డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. పైకి ఒక్క కాగితం పంపించండి, ఈ పిల్లకి ఇదే మాట అని ఒప్పుకుంటారు అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వారు. "బాగానే నడుస్తోందిగా? నడవనివ్వండి. అడిగామనుకోండి, వద్దంటారు. ఎందుకు పుల్లపెట్టి కదపడం?" అన్నారు. చెవినిల్లు కట్టుకుని పోరాను. గోడకి చెప్పినా ఒకటే, ఆయనకి చెప్పినా ఒకటే.

ఒకరోజు సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు దొరసాని నాకో సంగతి చెప్పింది. దాని చేతుల భాష అప్పటికి నాకూ కాస్త పట్టుబడింది. ఇంట్లో అందరూ దాని తరఫున జవాబులు చెప్పేస్తారట. ఆకలేస్తోందా అని ఎవరైనా అడిగితే, వేస్తోందని వాళ్ళమ్మ చెప్తుంది. చీర నచ్చిందా అంటే వదిన చెప్తుంది. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకి అన్నయ్య చెప్పాడట, మా చెల్లికి మీరు నచ్చారండీ అని. నచ్చలేదు నాకు, అంది దొరసాని, వాడి చెవుల్లో వెంట్రుకలు! ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత చేతులు నెమ్మదిగా కదిలించి చెప్పింది. ఈ టేబుల్ దగ్గరే నన్నొకళ్ళు అడిగి, నేను చెప్పేదాకా ఆగుతారు. నేను చెప్తేనే పని ముందుకెళ్తుంది. దీన్ని వదిలి ఎక్కడికీ పోను.

నేను మొహం అటు తిప్పుకుని రోడ్డు వైపు చూశాను. బస్సు రావడం మంచిదైంది.

ఇలా ఉండగా పైనుంచి ఆర్డరొచ్చింది. ఒకప్పటి డిపో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఎన్ని రకాల మనుషులు కలిసి పనిచేస్తున్నారు, ఇదంతా సినిమా తీసి అందరికీ చూపిస్తారట. డైరెక్టరుగారు కొత్త పెళ్ళికొడుకులా తయారై వచ్చారు. సినిమా వాళ్ళు కాలు లేనాయన్ని అటూ ఇటూ నడిపించారు. అక్కాచెల్లెళ్ళని నవ్వమన్నారు. వాళ్ళు నవ్వితే ఇంకాస్త నవ్వమన్నారు. నన్ను మొదటి మహిళ అని కెమెరా ముందు నిలబెట్టి, మీ అనుభూతి చెప్పమన్నారు. స్టూలు సంగతి చెప్పాను. అది కత్తిరించేశారు. ఎక్కువసేపు తీసింది మాత్రం దొరసానినే. వంగి చూసే కళ్ళు, టేబుల్ మీద పడే అరచెయ్యి. చప్పుళ్ళు కూడా ఉన్నవి ఉన్నట్టు పట్టాలని మైకు టేబుల్‌కి ఆనించి పెట్టారు.

ఆ సినిమా పెద్దాఫీసులో వేస్తే చప్పట్లే చప్పట్లట. డైరెక్టరుగారికి ఏదో మెచ్చుకోలు కూడా వచ్చింది. ఆ తర్వాత వారమే తనిఖీ ఆఫీసరమ్మ దిగింది.

ఆవిడ చెడ్డమనిషేం కాదు, ఆ మాట చెప్పకపోతే నాకు పాపం. ఆ పోస్టులో కూర్చున్న మొదటి ఆడది ఆవిడ కూడా. కాస్త మెత్తబడితే చాలు, ఆడది కాబట్టే వదిలేసిందని అనడానికి వెనకాల పదిమంది సిద్ధం. నన్నూ, పెదనాన్ననీ, దొరసానినీ డైరెక్టరుగారి గదిలో కూర్చోబెట్టి ఆ సినిమాలో ఒక ముక్క వేసింది. దొరసానికి చెప్పడానికి చేతుల భాష తెలిసిన ఒకావిణ్ణి వెంట తెచ్చింది, ఆపాటి మర్యాద ఉంది ఆవిడకి.

తెర మీద పెదనాన్న చెయ్యి ఆపాడు. "చూడు," అన్నాడు. దొరసాని వంగింది, తాళ్ళ వరసంతా చూసింది, అరచెయ్యి వేసింది. వెంటనే ఒక గొంతు స్పష్టంగా "చూశాను" అంది.

అదీ పెదనాన్న గొంతే.

ఆఫీసరమ్మ మళ్ళీ వేసింది. మళ్ళీ అదే. "చూడు." "చూశాను." రెండూ ఒక మనిషివే.

"రెండో మనిషి ఎక్కడండీ?" అంది ఆవిడ నెమ్మదిగా.

పక్క షెడ్డు మిషన్ల హోరులో, అన్ని టేబుళ్ళ మాటల మధ్య, ఆ టేబుల్ నుంచి అరచేతి దెబ్బ పడిందా లేదా అన్నదే నాకు పట్టింపు. దాని వెనకాలే పడే గొంతెవరిదని ఏనాడూ ఆలోచించలేదు. పెదనాన్న తల వేలాడేశాడు.

"మాట పడకపోతే నా చెయ్యి కదలదమ్మా," అన్నాడు. "పిల్ల చూసింది, చెయ్యేసింది. అది చాలు, నాకూ తెలుసు. కానీ ఆ మాట చెవిన పడాలి నాకు. లేకపోతే ఆవిడ కనపడుతుంది, ఆ తల్లి. అందుకని దీని మాట నేనే అనేవాణ్ణి. దీని మాటే, నాది కాదు."

ఆ చేతుల భాషావిడ తన పని తను చేసుకుపోతోంది, ఆయనన్న ప్రతి ముక్కా దొరసానికి చెప్తోంది. నేను ఆ పిల్ల మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

దానికి తెలీదు. అన్నాళ్ళూ గుడ్డ మీదే, తాళ్ళ మీదే కళ్ళు పెట్టుకుని ఉండేది కదా, ఆయన పెదాలెందుకు చూస్తుంది? తన అరచేతి దెబ్బే జవాబనుకుంది. దాన్ని విని పెదనాన్న ముందుకెళ్తున్నాడనుకుంది. తెర వంక చూసింది, ఆయన వంక చూసింది. తర్వాత లేచి ఆయన ముందుకెళ్ళి చేతులతో ఒక్కమాట అడిగింది. ఆ భాషావిడ పైకి చెప్పకపోయినా నాకు అర్థమైంది. "నువ్వు కూడానా?"

పెదనాన్నకీ అర్థమైంది. ఆ చేతులు పట్టుకోబోయాడు. విడిపించుకుంది.

ఆ టేబుల్ మీద మడతపెట్టిన గొడుగులన్నీ వెనక్కి తెప్పించి విప్పారు. ఒక్కదాంట్లో ఒక్క తాడు కూడా తేడా లేదు. నేను ఎగిరి గంతేసి ఆఫీసరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"తప్పు దొరకలేదు కాబట్టి పద్ధతి సరైందేనని రాయలేనండీ," అంది. "తలూపుకున్న ఆ బావా బావమరుదుల గొడుగులు కూడా ఆ రోజు దాకా సరిగ్గానే ఉన్నాయి."

"అయితే అరచేతిని కట్టడిలో రాయండి. మీ చేతిలో పని."

"నా చేతిలో లేదు. మీ డైరెక్టరుగారు రాసి పంపాలి. పంపితే నేను అడ్డు చెప్పను, మాటిస్తున్నాను."

ఇదిగో దారి దొరికిందని డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన నీళ్ళు నమిలారు. "ఇప్పుడా? ఇంత గొడవయ్యాకా? మనమే మన తప్పు ఒప్పుకున్నట్టు ఉండదూ?"

"మీరే నడవనివ్వమన్నారు కదండీ ఆ రోజు!"

"నేనెప్పుడన్నాను?" అన్నారు. కళ్ళార్పలేదు మహానుభావుడు. "అయినా ఆ అమ్మాయి ఉద్యోగమేం పోలేదుగా? గేటు దగ్గర పాసుల కిటికీలో వేస్తున్నాం. ఫ్యాను కింద కూర్చునే పని. వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడుతుంది, డిపోకి మంచి పేరు. ఇంకేం కావాలమ్మా?"

నోటికొచ్చిందల్లా అనేశాను. మొదట్లోనే చెప్పాను కదా, టీ తాగుతూ విన్నారని.

పెదనాన్న కూడా వెళ్ళాడు. తప్పు నాది, నన్ను పంపెయ్యండి, పిల్లని ఉంచండి అన్నాడు. మీరు రిటైరవ్వడానికి ఎన్నాళ్ళో లేదు, మీకెందుకండీ ఇవన్నీ, అని ఒక హెచ్చరిక కాగితం చేతిలో పెట్టి పంపేశారు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "నా నోరే గెంటేసిందమ్మాయ్ దాన్ని," అన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను, అంతే.

దొరసాని వెళ్ళేరోజు షెడ్డులో అందరి దగ్గరికీ వచ్చింది. కొండల మీంచి వచ్చిన ఇద్దరూ తాము టీ తాగే గ్లాసు దానికి గుర్తుగా ఇచ్చారు, అక్కాచెల్లెళ్ళు కావలించుకుని ఏడ్చారు. కిటికీ పక్క టేబుల్ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. పెదనాన్న అక్కడే గుడ్డ సవరిస్తూ నిలబడి ఉన్నాడు, ఇటు చూస్తాడేమో, పిలుస్తాడేమో అనుకున్నాను. పిలిస్తే వినపడదని గుర్తొచ్చి ఆగాడో, మొహం చెల్లక ఆగాడో. అది గడప దాటి పోయింది.

దాని చోట్లోకి స్టోరు నుంచి ఒకాయన వచ్చాడు. స్టోరు మూసేస్తున్నారు, మిగిలిపోయిన మనుషుల్ని తలా ఒక మూలకి సర్దుతున్నారు. ఆయనకి ఈ పనంటే గిట్టదు. గొంతు మాత్రం కంచు. తనిఖీ తర్వాత ప్రతి టేబుల్‌కీ మైకు బిగించారు. రెండు గొంతులూ పడ్డాయా లేదా అని పెద్దాఫీసులో వింటారట. స్టోరాయన గొంతు బ్రహ్మాండంగా పడుతుంది. పెదనాన్న "చూడు" అనడం పూర్తి కాకముందే, గోడకి ఆనుకుని, గోళ్ళు చూసుకుంటూ "చూశాను" అంటాడు.

మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు మండి ఆయన మెడ పట్టుకుని టేబుల్ మీదికి వంచాను. నిజంగానే వంచాను. ఫిర్యాదు చేశాడు. నేనూ రాసిచ్చాను ఆయన మీద. పైవాళ్ళు రికార్డు విన్నారు. రెండు గొంతులు, ఇద్దరు మనుషులు, అంతా సవ్యంగా ఉందని జవాబొచ్చింది. నన్ను కాస్త శాంతంగా ఉండమన్నారు. ఇప్పుడు పొద్దంతా ఆ టేబుల్ వెనకే కాపలా కుక్కలా నిలబడుతున్నాను. నేను పక్క టేబుల్‌కి వెళ్తే పెదనాన్న చెయ్యి ఆపేస్తాడు. రోజుకి ఇన్ని గొడుగులు అయి తీరాలని పైవాళ్ళు మొత్తుకుంటే మళ్ళీ కదిలిస్తాడు. ఒక్కో మడతా తనే రెండోసారి తడిమి చూసుకుంటాడు. ఆయన రిటైరయ్యాక కొన్నేళ్ళకి నేనూ దిగిపోతాను. అప్పుడెవరు నిలబడతారో.

నిన్న పొద్దున్న గేటు దగ్గర పాసుల కిటికీకి వెళ్ళాను. నాకు పాసు అక్కర్లేదు, ఊరికే దాన్ని చూద్దామని. అద్దం వెనకాల కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళ పేరు పక్క సీటు గుమాస్తా అడుగుతున్నాడు, ఆయనే రాస్తున్నాడు, ఇది ముద్ర వేస్తోంది. చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వలేదు కానీ ముద్ర పక్కన పెట్టింది.

తిన్నావా అని అడిగాను. తిన్నానంది. ఇంట్లో అందరూ బాగున్నారా అంటే బాగున్నారంది. నేను వెళ్ళబోతుంటే అద్దం మీద తట్టింది.

ముసలాయనకి ఇప్పుడెవరు చూస్తున్నారు, అని అడిగింది.

స్టోరు నుంచి వచ్చాడొకాయన అని చెప్పాను.

సరిగ్గా చూస్తాడా?

చూస్తాడు, బాగా చూస్తాడు, అన్నాను. నవ్వు కూడా కలిపాను దానికి. ఏం చెయ్యమంటారు? అద్దం వెనకాల కూర్చోబెట్టిన పిల్లకి నిజం చెప్పి నిద్ర లేకుండా చెయ్యనా?

అది నా పెదాలు చూడటం మానేసింది. నా కళ్ళు చూసింది, నుదురు చూసింది, బ్యాగు పట్టుకున్న నా వేళ్ళు చూసింది. తొందరేమీ లేదు దానికి. ఆ పిల్ల అలా చూస్తుంటే ఏదీ దాచలేమని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? నా నవ్వు నాకే బరువైపోయి ఎప్పుడు జారిపోయిందో తెలీదు. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏంటంటోందమ్మా మీతో?" అని అడిగాడు గుమాస్తా.

నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు, "ఏం లేదులెండి, ఇక్కడ బాగానే ఉందని చెప్తోంది."